కంటైనర్ దిగి పాల ట్యాంకర్ ఎక్కుదామనుకుంటున్నా, ఎక్కొచ్చా?

కంటైనర్ తమ్ముడు (మూలకడై) · బుధవారం రాత్రి 11:20

అన్నలందరికీ నమస్కారం. మాది నాయుడుపేట పక్కన పల్లె, పదేళ్లుగా మద్రాసులోనే ఉంటున్నా. ఎన్నూరు, కాట్టుపల్లి పోర్టుల నుంచి శ్రీసిటీకీ ఒరగడం వైపుకీ కంటైనర్ తోలతా. పోర్టు గేటు దగ్గర క్యూలో ఒక్కోసారి రెండు రోజులు బండి కిందే వంట, బండి కిందే పడక. విసుగొచ్చేసింది.

తెలిసిన ఓనరు ఒకాయన పాల ట్యాంకర్ ఇస్తానంటున్నాడు. 20 వేల లీటర్ల బండి, 2021 మోడల్. ఒంగోలు వైపు చిల్లింగ్ సెంటర్లలో ఎక్కించుకుని మద్రాసు శివార్లలో ప్యాకెట్ ప్లాంటులో దించాలి. ఎండాకాలం పాలు తగ్గినప్పుడు మాత్రం కొల్హాపూర్ దాకా పోవాల్సొస్తుందట. జీతం ఇప్పటికంటే రెండు వేలు ఎక్కువ, బత్తా వేరే. ఆదివారం లోపు చెప్పమన్నాడు.

నాకు మూడు డౌట్లు. పాలబండికి క్యూ ఉండదు, నేరుగా లోపలికి పోవచ్చు అంటున్నారు, నిజమేనా? సగం లోడుతో మలుపు తిరిగితే పల్టీ కొడుతుందంటారు, అది ఎంతవరకు నిజం? పాలు విరిగిపోతే డబ్బులు డ్రైవరు జీతంలో కోస్తారా? తెలిసినవాళ్లు చెప్పండి, మా ఇంట్లో వాళ్లు కూడా చదువుతారు కాబట్టి కాస్త మంచి భాషలో :)

గూడూరు బావ · బుధవారం రాత్రి 11:41

క్యూ ఉండదని చెప్పినాయన్ని ఒకసారి నాకు చూపించు తమ్ముడూ, దండేసి దణ్ణం పెట్టుకుంటా.

పోర్టులో నీతో పాటు ఇనప డబ్బా ఎదురుచూస్తుంది, దానికేం రోగం? రెండు రోజులైనా అట్లాగే ఉంటుంది. ఇక్కడ నీ వీపు వెనకాల 20 వేల లీటర్ల పాలు ఎదురుచూస్తాయి. గేటు దగ్గర వాచ్‌మన్ "వెయిట్ పణ్ణుంగ" (ఆగండి) అంటాడు, కాటా దగ్గర వాడూ అదే, పాలు దించే డాక్ మీద వాడూ అదే. తమిళంలో నాకు బాగా వచ్చిన మాట అదొక్కటే.

పాత క్లీనర్ (రెడ్‌హిల్స్) · గురువారం ఉదయం 6:05

తమ్ముడూ, నీ మూడు డౌట్లకంటే ముందు నేనొకటి అడుగుతా. నువ్వు బ్రేకు ఎట్లా కొడతావు?

కంటైనర్ వాళ్లు చాలామంది దగ్గరికొచ్చాక గట్టిగా కొడతారు. తప్పు కాదు, ఆ లోడు కదలదు కాబట్టి చెల్లిపోతుంది. పాలు అట్లా కాదు. నువ్వు బ్రేకు తొక్కుతావు, బండి ఆగుతుంది, ఆగిందిలే అనుకుని కాలు వదులుగా పెడతావు, అప్పుడు వెనక నుంచి ఎవరో భుజంతో తోసినట్టు ఒక గుద్దు పడుతుంది. పాలు ముందుకొచ్చి ట్యాంకు గోడకి తగిలాయన్నమాట. మళ్లీ వెనక్కి పోయి ఇంకోసారి వస్తాయి. నేను క్లీనరుగా ఎక్కిన మొదటి నెలలోనే మా డ్రైవరు నల్లూరు టోలు దగ్గర ముందున్న కారుని సరిగ్గా ఆ గుద్దుతోనే ముద్దు పెట్టుకున్నాడు. బండి ఆగిపోయిన తరవాత తగిలింది, ఎవరికి చెప్పినా నమ్మలేదు.

పెట్రోలు ట్యాంకర్లలో ఆ అల ఆగడానికి లోపల చిల్లుల రేకులు అడ్డంగా పెడతారు. పాల ట్యాంకర్లలో చాలావాటికి అవి ఉండవు, ఎందుకంటే ఆ మూలల్లో పాలు పట్టుకుని కడిగినా పోవు, తరవాతి లోడు పులుస్తుంది. అందుకని లోపల నున్నగా అద్దంలా ఉంచుతారు. ఆ నునుపు పాలకి మంచిది, మన మెడకి కాదు. నిండా పోసిన కంపార్ట్‌మెంటులో కదలడానికి చోటుండదు కాబట్టి ఇబ్బంది లేదు. సగం ఉన్నదానితోనే చావు.

మరి సగం ఎందుకుంటుంది అంటావేమో. ఒకే సెంటరులో 20 వేలు దొరికితే ఉండదు. నువ్వు మూడు ఊళ్లలో మూడు బీఎంసీల (పాలు చల్లబరిచే ట్యాంకుల) దగ్గర ఎక్కించుకుంటావు. ఒకటి నిండాకే రెండోదాంట్లోకి పొయ్యమని అడుగు. అక్కడి కుర్రాడు తొందరలో మూడు మూతలూ తీసి మూడింట్లోనూ తలా కొంచెం పోస్తాడు, నీ బండి మీద మూడు చోట్ల అల లేస్తుంది. దించేటప్పుడు కూడా అంతే. ముందు కంపార్ట్‌మెంటు ఖాళీ చేసి వెనకది రిజెక్ట్ చేశారనుకో, ఆ బరువంతా వెనక పెట్టుకుని తిరిగి రావాలి, స్టీరింగ్ గాల్లో తేలినట్టుంటుంది. మాధవరం రౌండానా దగ్గర నేను ఒకసారి అట్లా తిప్పి, తరవాత పక్కన ఆపి పది నిమిషాలు కూర్చున్నా.

పల్టీ అంటావా, కొడుతుంది. మలుపు లోపలికి పోయాక బ్రేకు తొక్కితే కొడుతుంది. మలుపుకి ముందే తగ్గించుకుని లోపల కాలు ఆనించకుండా పోతే కొట్టదు. మొగిలి ఘాట్ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలని పెద్దలు చెప్పేవాళ్లు, అది మరిచిపోకు.

మిగతావి సాయంత్రం రాస్తా, బండి ఎఫ్‌సీకి (ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కి) పోవాలి.

డాక్ ల్యాబ్ · గురువారం మధ్యాహ్నం 2:15

నేను డ్రైవర్ని కాదు, డాక్ మీద శాంపిల్ తీసేదాన్ని. చిత్తూరు అమ్మాయిని, తొమ్మిదేళ్లుగా మద్రాసు పక్కన డెయిరీ ల్యాబుల్లో చేస్తున్నా. మీరందరూ మనసులో తిట్టుకునేది నన్నే :)

అసలేం జరుగుతుందో చెప్తాను, తెలిస్తే టెన్షన్ తగ్గుతుంది. బండి డాక్ ఎక్కగానే ముందు సీలు నంబర్లు చలాన్‌లో (లోడుతో వచ్చే కాగితంలో) ఉన్నవేనా అని చూస్తాం. మూత తీసీ తీయగానే ముక్కు దగ్గర పెడతాం. పులిసిన పాలు మిషన్ కంటే ముందు ముక్కుకే దొరుకుతాయి, మూత తీసిన మొదటి రెండు మూడు సెకన్లలోనే. తరవాత గాలి కలిసిపోతే తెలియదు. ఆ తరవాత టెంపరేచర్. తరవాత ప్లంజర్‌తో కింద నుంచి పైకి బాగా కలిపి ప్రతి కంపార్ట్‌మెంటు నుంచి వేరువేరుగా శాంపిల్ తీస్తాం. ఈ కలపడం సరిగ్గా చెయ్యకపోతే వెన్న పైన తేలి ఫ్యాట్ తేడా వస్తుంది, అప్పుడు పంపినవాళ్లకీ మాకూ గొడవ, మధ్యలో డ్రైవరు. కాబట్టి సరిగ్గా కలపట్లేదనిపిస్తే అడగండి, అడిగితే ఎవరూ కొట్టరు.

ల్యాబులో ముందు చూసేది ఆసిడిటీ, సీఓబీ. సీఓబీ అంటే ఏం లేదు, పరీక్ష గొట్టంలో కాసిన్ని పాలు పోసి మరగబెడతాం, విరిగితే బండి వెనక్కి. మీ ఇంట్లో అమ్మ పొయ్యి మీద చూసేదే. ఆసిడిటీ 0.13, 0.14 ఉంటే పాలు తాజాగా ఉన్నట్టు. 0.16 దగ్గరికొస్తే ఒకరి మొహం ఒకరు చూసుకుంటాం. దాటితే ఇంచార్జికి ఫోన్. అన్ని డెయిరీల్లో గీత ఒకేచోట ఉండదు, పాలు ఎక్కువున్న రోజుల్లో గీత బిగుస్తుంది, ఎండాకాలం పాలు దొరకనప్పుడు అదే గీత కాస్త వదులవుతుంది. రాయకూడదేమో గానీ నిజం ఇది.

నీళ్లు కలిపారా అన్నది ఎలా పడతారని చాలామంది అడుగుతారు. పాలు సున్నాకి అర డిగ్రీ పైచిలుకు కిందకి పోతేనే గడ్డకడతాయి. నీళ్లు కలిపితే ఆ అంకె సున్నా వైపు జరుగుతుంది. దానికి మిషన్ ఉంది. ఉప్పు, పంచదార వేసి లాక్టోమీటర్‌ని మోసం చేసే రోజులు పోయాయి, వాటికీ వేరే టెస్టులున్నాయి. ఎవరైనా దారిలో ధాబా దగ్గర "రెండు క్యాన్లు తీద్దాం, నీళ్లు పోసేద్దాం" అంటే బండి దిగి నడిచొచ్చెయ్యండి.

తమ్ముడికి నా వైపు నుంచి ఒకటే. ఎక్కించేటప్పుడు మీ కళ్ల ముందు టెంపరేచర్ తీయించి, చలాన్ మీద అంకె, టైము రాయించుకోండి. 4 డిగ్రీల దగ్గర ఎక్కిన పాలు మంచి ట్యాంకరులో పది పన్నెండు గంటలు పోయినా ఒకటి రెండు డిగ్రీలకి మించి పెరగవు. ఆ ట్యాంకరుకి ఫ్రిజ్ ఏమీ లేదు, రెండు స్టీలు రేకుల మధ్య పఫ్ ఫోమ్ కూరి ఉంటుంది అంతే, టీ ఫ్లాస్కులాగ. అది చల్లదనాన్ని కాపాడుతుంది, పుట్టించలేదు. కరెంటు పోయి బీఎంసీలో 8 డిగ్రీలకి వచ్చిన పాలు మీ బండిలో ఎక్కిస్తే మీరు రెక్కలు కట్టుకుని ఎగిరొచ్చినా నాకు 9 కనబడుతుంది. అప్పుడు చలాన్ మీద అంకె లేకపోతే దారిలో నిద్రపోయారని మీ మీదే రాస్తారు.

కంటైనర్ తమ్ముడు · గురువారం సాయంత్రం 7:30

మేడమ్ చాలా థాంక్స్, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నా. ఇంకో డౌట్. ఓనరు "షార్టేజ్ వస్తే నీ లెక్క" అన్నాడు. సీలు వేసిన ట్యాంకులో పాలు ఎట్లా తగ్గుతాయి?

రెండు బళ్ల ఓనరు · గురువారం రాత్రి 8:10

నేను ఓనర్ని, మా వైపు మాట కూడా వినండి. ఇఎంఐ, ఇన్సూరెన్సు, టైర్లు, డీజిల్ పోను మాకు మిగిలేది చెబితే నవ్వుతారు. పార్టీ దగ్గర షార్టేజ్ పడితే బిల్లులో కోసేది మాకు. అది డ్రైవరుని అడక్కపోతే ఎవర్ని అడగాలి? అందరు డ్రైవర్లూ దొంగలని నేనను. కానీ మంచివాడికీ చెడ్డవాడికీ ఒకటే రూల్ పెట్టకపోతే వ్యాపారం నడవదు.

పాత క్లీనర్ · గురువారం రాత్రి 9:00

ఓనరు గారూ, మీ మీద గౌరవంతోనే రాస్తున్నా, కోపం వద్దు. షార్టేజ్ అని కోసేదాంట్లో చాలాసార్లు తగ్గేది పాలు కాదు, డీజిలు.

తమ్ముడూ, జాగ్రత్తగా చదువు. పంపేచోట కాటా మీద లోడు బండి బరువు తీస్తారు. ఇక్కడికొచ్చాక మళ్లీ లోడు బండి బరువు తీస్తారు. రెండూ పక్కపక్కన పెట్టి "120 కేజీలు తక్కువ" అంటారు. ఒంగోలు నుంచి ఇక్కడికి దాదాపు 290 కిలోమీటర్లు. బండి లీటరుకి నాలుగిస్తే 70 లీటర్లు పైన కాలిపోయింది. డీజిలు లీటరు 830 గ్రాములు, అంటే 60 కేజీలు పొగగొట్టంలోంచి పోయాయి. అక్కడ కాటా ఎక్కినప్పుడు క్లీనరు క్యాబిన్‌లో ఉన్నాడు, ఇక్కడ టీ తాగడానికి దిగాడు. ఇంకో 60. అయిపోయింది నీ 120.

అందుకని ఎప్పుడూ నికర బరువు చూడమను. అక్కడ ఖాళీ బండికీ లోడు బండికీ తేడా ఎంత, ఇక్కడ లోడు బండికీ ఖాళీ బండికీ తేడా ఎంత, ఆ రెండూ పోల్చాలి. కాటా ఎక్కినప్పుడల్లా ఇద్దరూ దిగండి, లేదా ఇద్దరూ ఎక్కి ఉండండి.

ఇంకో గోల లీటర్లూ కేజీలూ. పాలు లీటరు కేజీ కాదు, కేజీ 30 గ్రాములు. 20 వేల లీటర్లంటే 20,600 కేజీలు. ఒకడు లీటర్లలో రాసి ఇంకొకడు కేజీల్లో చదివితే 600 తేడా పుట్టుకొస్తుంది, నేను చూశా. పాల మట్టం కొలిచే డిప్ స్కేలు పెట్టేటప్పుడు బండి సమంగా ఉన్న నేల మీద ఉండాలి, నురగ దిగాక పెట్టాలి. నురగ మీద కొలిస్తే ఎక్కించేచోట ఎక్కువ చూపిస్తుంది, ఆరు గంటలు పోయాక నురగ ఉండదు కదా, అది నీ షార్టేజ్.

రెండు బళ్ల ఓనరు · గురువారం రాత్రి 9:25

డీజిల్ సంగతి నేను ఇన్నాళ్లూ ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నా. మా రెండో బండి డ్రైవరు దగ్గర రెండు సార్లు కోశాను. రేపు స్లిప్పులు తీసి చూస్తా.

గూడూరు బావ · గురువారం రాత్రి 9:27

చూసి తిరిగిచ్చాక ఇక్కడ రాయండి సార్, ఫోటో కూడా పెట్టండి, పటం కట్టించుకుంటాం.

పొన్నేరి అక్క · గురువారం రాత్రి 10:50

మా ఆయన పాల ట్యాంకర్ తోలతారు. ఆయనకి ఇక్కడ రాసేంత తీరిక లేదు కాబట్టి నేను రాస్తున్నాను. తమ్ముడూ, మీ ఇంట్లో వాళ్లు చదువుతారన్నావు కదా, ఇది వాళ్ల కోసం.

ఆవుకి ఆదివారం ఉండదు. సంక్రాంతికి అందరూ ఊరికి పోతారు, అప్పుడే పాలు ఎక్కువ దిగే రోజులు, చలికాలం. పోయిన ఏడేళ్లలో భోగి రోజు ఆయన ఇంట్లో ఉన్నది ఒక్కసారి. దీపావళికి స్వీట్లకోసం పాలు కావాలి కాబట్టి అప్పుడూ లేరు. పొద్దున పాలు, సాయంత్రం పాలు, రెండు పూటలా వస్తూనే ఉంటాయి.

2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను గుర్తుందా? మా వీధిలో మోకాలి దాకా నీళ్లు. పాలు లేవు, ఎక్కడో ఒక షాపులో అర లీటరు ప్యాకెట్ రెండింతలు చెప్పాడు, అదీ అయిపోయింది. పాపకి జ్వరం, బార్లీ కాచి పట్టించా. ఆయనకి ఫోన్ కలిస్తే, సూళ్లూరుపేట దగ్గర ఆపేశారు, బండి కదలట్లేదు అన్నారు. వెనకాల 15 వేల లీటర్ల పాలు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడోరోజుకి ఆ పాలు పనికిరాకుండా పోయాయి. ఆయన తప్పు లేదని అందరికీ తెలుసు, అయినా ఆ ట్రిప్పు బత్తా ఇవ్వలేదు. ఇప్పటికీ వాన గట్టిగా పడితే ఆ సంగతే ఎత్తుతారు.

మంచి కూడా చెప్పాలి. కంటైనర్‌కి లోడు లేక వారం ఇంట్లో కూర్చునే బాధ ఇందులో లేదు. జీతం తేదీకి పడుతుంది. రూటు ఒకటే కాబట్టి ఎక్కడున్నారో నాకు తెలుస్తుంది, నెల్లూరు దాటారా గూడూరు దాటారా అని గడియారం చూసి చెప్పగలను.

గూడూరు బావ · గురువారం రాత్రి 11:10

అక్కా, నీ పోస్టు చదివి నా జోకులు ఆపేస్తున్నా, ఇవాల్టికి.

ఒక మాట మాత్రం. 1961లో వచ్చిన మోటారు ట్రాన్స్‌పోర్టు వర్కర్ల చట్టంలో రోజుకి 8 గంటలు, వారానికి 48 గంటలు అని రాసుండేది. మన లెక్కలో వారం బుధవారం మధ్యాహ్నానికే అయిపోతుంది. డాక్ ముందు కూర్చున్న గంటల్ని పని అంటారా, విశ్రాంతి అంటారా అని ఒక ఓనర్ని అడిగితే "కూర్చునే ఉన్నావు కదా" అన్నాడు.

సైడ్ మిర్రర్ · శుక్రవారం ఉదయం 5:40

రాత్రంతా చదివా ఈ థ్రెడ్, క్యూలోనే ఉన్నా కాబట్టి :) పదకొండో నంబరు.

అందరూ రోడ్డు గురించీ ల్యాబు గురించీ చెప్పారు, కడగడం గురించి ఎవరూ చెప్పలేదు. దించాక సీఐపీ, అంటే ట్యాంకు లోపల కడగడం, ఉంటుంది. ముందు మామూలు నీళ్లు, తరవాత వేడి కాస్టిక్, మళ్లీ నీళ్లు, కొన్నిచోట్ల యాసిడ్, చివర వేడి నీళ్లు. ఆ కాగితం చేతికి వస్తేనే తరవాతి సెంటరులో పాలు ఎక్కిస్తారు. ఇక్కడే నాకు దెబ్బ తగిలింది.

2018 సంగతి, బెంగళూరు రోడ్డులో ఒక ప్లాంటు, పేరెందుకు. వేడి నీళ్లు పోయాక ఆవిరి మొహానికి కొడుతోందని మ్యాన్‌హోల్ మూత బిగించేసి టీకి పోయా. పైన గాలి పోయే వెంట్ ఒకటి ఉంటుంది, దాని రబ్బరు ఎండిన పాలతో అతుక్కుపోయి ఉందని నేను చూడలేదు. అక్కడి కుర్రాడు చన్నీళ్లు వదిలాడు. లోపలున్న ఆవిరంతా ఒక్కసారి చల్లారి నీరైపోయింది, బయట గాలి లోపలికి పోయే దారి లేదు. ధన్ మని శబ్దం వచ్చింది, టైరు పేలిందనుకుని పరిగెత్తుకొచ్చా. బయట చూస్తే రేకు మీద చిన్న సొట్ట. మూత తీసి టార్చి వేసి చూస్తే లోపలి స్టీలు మొత్తం నీళ్లు తగిలిన అప్పడంలా ముడుచుకుపోయి ఉంది. ఓనరు ఏడ్చినంత పని చేశాడు. పదకొండు నెలలు జీతంలో కోశాడు.

పాలు దించేటప్పుడూ అంతే. పంపు లాగుతుంటే పైన మూత తెరిచి ఉందా లేదా చూసుకో. గాలి లోపలికి పోకపోతే పంపుకి కూడా ట్యాంకుని నలిపే బలం ఉంటుంది.

పాత క్లీనర్ · శుక్రవారం ఉదయం 8:20

మంచి మాట గుర్తు చేశావు. దీనికి ఇంకొకటి కలుపుతా. మూల కడగలేదు, లోపలికి దిగి తుడిచి రా అని ఎవరు చెప్పినా దిగకు తమ్ముడూ. ఓనరు చెప్పినా, డాక్ వాళ్లు చెప్పినా. లోపల కాస్టిక్ ఆవిరి, ఊపిరికి గాలి చాలదు, జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు, అరిచినా బయటికి వినబడదు. దిగే పనికి వేరే పద్ధతి, వేరే మనుషులు, బయట తాడు పట్టుకునే మనిషి ఉండాలి. మన పని కాదు అది.

ఇంకా, నిచ్చెనెక్కి పైకి పోవడం రోజుకి ఎన్నిసార్లో లెక్కుండదు. తడి స్టీలు, పైన పాల జిడ్డు, తెల్లవారుజామున మంచు. హవాయి చెప్పులతో ఎక్కుతారు అందరూ. నేనూ ఎక్కేవాణ్ణి, 2011లో పడి మోచెయ్యి విరిగింది, ఇప్పటికీ చలికాలం లాగుతుంది. అడుగున పట్టుండే రబ్బరు బూట్లు కొనుక్కో. నీ మొదటి జీతం రాకముందే కొను.

కంటైనర్ తమ్ముడు · శుక్రవారం మధ్యాహ్నం 1:05

ఇవన్నీ విన్నాక భయం పెరిగిందో తగ్గిందో తెలియట్లేదు. కొల్హాపూర్ రూటు ఎవరైనా తోలారా?

సైడ్ మిర్రర్ · శుక్రవారం సాయంత్రం 4:30

రెండు ఎండాకాలాలు తోలా. రోడ్డుకి వంక పెట్టలేం, ఎన్‌హెచ్ 48 ఎక్కితే బెంగళూరు, తుమకూరు, చిత్రదుర్గ, హుబ్బళ్లి, బెళగావి, నిపాణి, అదే దారి కొల్హాపూర్ దాకా. ఇద్దరు డ్రైవర్లు లేకుండా ఒప్పుకోవద్దు, ఇది నేను చేతులెత్తి చెప్తున్నా. ఒక డ్రైవరూ ఒక క్లీనరూ, క్లీనరుకి కాస్త తోలడం వచ్చులే అంటారు, ఆ మాట నమ్మకు.

పగలు ఎండలో బండి ఆపావంటే నీడ చూసి ఆపు. నీడంటే నీకు కాదు, ట్యాంకుకి. క్యాబిన్‌లో నువ్వు ఉడికిపోతావు, పాలు నాలుగు డిగ్రీల్లో చల్లగా ఉంటాయి. 2025 అక్టోబరు 1 తరవాత తయారైన లారీలకి ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, నీది 2021 అన్నావు కాబట్టి నీకు ఫ్యానే గతి. తడి తువ్వాలు మెడ మీద వేసుకో.

నాకు ఆ రూటులో నచ్చింది ఒకటుంది, నవ్వకండి. చిత్రదుర్గ దాటాక తెల్లవారుజామున గాలిమరలు కనబడతాయి, ఎర్ర లైట్లు అన్నీ కలిసి ఒకేసారి వెలిగి ఆరుతుంటాయి. అక్కడ ఆపి టీ తాగితే ఎంత దూరం వచ్చామో మరిచిపోతాం.

గూడూరు బావ · శుక్రవారం సాయంత్రం 5:00

ఇంత దూరం మనమే మొయ్యాలా, రైలు మొయ్యదా అని అడిగేవాళ్లకి, మోస్తుంది. 2020 మార్చిలో లాక్‌డౌన్‌లో రేణిగుంట నుంచి ఢిల్లీ నిజాముద్దీన్‌కి దూద్ దురంతో వేశారు. ఒక్కో రైలు ట్యాంకరు 40,000 లీటర్లు, నీ బండికి రెండింతలు. అది మలుపులో పల్టీ కొట్టదు, దానికి "వెయిట్ పణ్ణుంగ" అనేవాడు లేడు. కాకపోతే రేణిగుంట దాకా పాలు తెచ్చేది మళ్లీ మనమే.

డాక్ ల్యాబ్ · శుక్రవారం సాయంత్రం 6:40

వెయిట్ పణ్ణుంగ అని చెప్పేది మా వాచ్‌మన్, నేను కాదు, గమనించగలరు.

నిజంగా చెప్పాలంటే మాకూ ఆపడం ఇష్టం ఉండదు. లోపల పెద్ద ట్యాంకులు నిండి ఉంటే మీ పాలు ఎక్కడ పొయ్యాలి? ప్యాకింగ్ మిషన్ రెండు గంటలు ఆగితే బయట క్యూ ఆరు గంటలు పెరుగుతుంది. కానీ బయట నిలబడ్డ బండి పాలు టెస్టు చేసే టైముకి మారిపోయి ఉంటే, గేటు దగ్గరకి వచ్చిన టైము ఎక్కడా రాయరు, డాక్ ఎక్కిన టైమే రాస్తారు. ఇది తప్పని నేను మూడుసార్లు మీటింగులో చెప్పాను. కాబట్టి గేటుకి రాగానే రిజిస్టర్‌లో టైము వేయించండి, వెయ్యనంటే ఫోన్‌లో గేటు ఫోటో తీసుకోండి.

కంటైనర్ తమ్ముడు · బుధవారం మధ్యాహ్నం 3:50

అందరికీ నమస్కారం. ఆదివారం ఓనరుతో "ఒక నెల చూస్తా, అడ్వాన్స్ వద్దు" అని చెప్పి సోమవారం ఒక ట్రిప్పు, మంగళవారం ఒక ట్రిప్పు తోలా. ఇప్పుడే ఇంటికొచ్చా.

నిన్న రాత్రి మూడు సెంటర్లు. మొదటి రెండూ 4.2, 4.4. మూడోచోట సాయంత్రం నుంచి కరెంటు లేదట, జనరేటర్ లేటుగా వేశారట, 6.5 ఉంది. నేను చలాన్ మీద రాయమంటే అక్కడి గుమస్తా "కొత్తగా వచ్చావా" అన్నాడు. కొత్తే సార్, అందుకే రాయండి అన్నా. గొణుగుతూ రాశాడు. పాత క్లీనర్ అన్న చెప్పినట్టే ఒక్కో సెంటరుకి ఒక్కో కంపార్ట్‌మెంటు నిండా పోయించా. నల్లూరు టోలు దగ్గర ఆ భుజం గుద్దు తగల్లేదు, లోడు నిండుగా ఉన్నందుకేమో. సోమవారం ట్రిప్పులో మాత్రం రెండో సెంటరుకి పోయేటప్పుడు సగం ఉన్న కంపార్ట్‌మెంటు ఒకటి ఉండింది, స్పీడ్ బ్రేకరు మీద తగిలింది. అన్నా, నువ్వు చెప్పింది తక్కువే. నా క్లీనరు నిద్రలోంచి లేచి "ఎవరు గుద్దారు" అన్నాడు.

పొద్దున 6:15కి గేటు. ఫోటో తీసుకున్నా. పద్నాలుగో నంబరు. డాక్ ఎక్కింది 12:20కి, దించి కడిగేసరికి రెండున్నర. మూడో కంపార్ట్‌మెంటు 7.4 చూపించింది, ఆసిడిటీ 0.16. ల్యాబులో ఒకాయన బండి వెనక్కి అన్నాడు. చలాన్ చూపించా, గేటు ఫోటో చూపించా. ఆయన లోపలికి పోయి ఎవరితోనో మాట్లాడొచ్చి, మళ్లీ కలిపి ఇంకో శాంపిల్ తీసి, మరగబెట్టి చూశారు. ఆ గొట్టం దీపం మీద పెట్టి తిప్పుతుంటే నా పరీక్ష ఫలితాలప్పుడు కూడా అంత భయం వెయ్యలేదు. విరగలేదు. తీసుకున్నారు. ఆ సెంటరు మీద నోట్ రాశారట, నా మీద కాదు.

చేరానని ఇంకా చెప్పలేను. ఈ నెల చూస్తా. సాయంత్రం ఐదింటికి మళ్లీ బయల్దేరాలి, ఒక గంట పడుకుంటా.

పాత క్లీనర్ · బుధవారం సాయంత్రం 4:10

గంట పడుకుని తోలకు తమ్ముడూ. ఓనరుకి ఫోన్ చేసి రాత్రికి బయల్దేరతానని చెప్పు, పాలు లేటైతే వాళ్లు చూసుకుంటారు. నిద్ర లేని డ్రైవరుకి నురగ, పాలు తేడా తెలియదు.

రెండు బళ్ల ఓనరు · బుధవారం సాయంత్రం 4:30

స్లిప్పులు చూశాను. రెండు ట్రిప్పుల్లో ఒకటి డీజిల్ లెక్కే. ఆ డబ్బు తిరిగిచ్చేశా. రెండోది నిజంగానే షార్టేజ్, అది ఇవ్వలేదు. ఫోటో పెట్టను.

గూడూరు బావ · బుధవారం సాయంత్రం 4:34

సగం పటం కట్టిస్తాం సార్.

తమ్ముడూ, బూట్లు కొన్నావా?

కంటైనర్ తమ్ముడు · బుధవారం సాయంత్రం 4:36

ఓనరుకి ఫోన్ చేశా, తొమ్మిదింటికి బయల్దేరమన్నాడు. బూట్లు ఇంకా లేదు బావా. మూలకడైలో షాపు ఎనిమిదింటి దాకా ఉంటుంది, లేచాక పోతా.